గోళీ పల్లమెరుగు

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. గోళీకి కూడా ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. కొత్తగా గచ్చు చేయించిన వరండాలో ఒక గోళీ వదిలి చూడండి, మేస్త్రీ చెప్పని వాటం నిమిషంలో బయటపడుతుంది. 1984 డిసెంబరులో అమెరికా వీడియో గేమ్ పార్లర్లలోకి వచ్చిన ఒక ఆటకు పెట్టుబడి మొత్తం ఇంతే. ఒక గోళీ, ఒక వాలు, దిగువన గమ్యం గీత, పైన తరిగిపోతున్న సెకన్లు. పేల్చడానికి తుపాకీ లేదు, విడిపించడానికి రాజకుమారి లేదు. పేరు మార్బుల్ మ్యాడ్‌నెస్. మన మాటల్లో గోళీ పిచ్చి.

ఆ ఆట పెట్టె ముందు నిలబడితే పట్టుకోవడానికి జాయ్‌స్టిక్ ఉండదు. పలకలో సగం దిగబడి, సగం పైకి తేలి ఒక బంతి ఉంటుంది. దాన్ని ట్రాక్‌బాల్ అంటారు. అరచేత్తో నిమిరితే తెర మీద గోళీ కదులుతుంది. మెల్లగా నిమిరితే మెల్లగా, విసురుగా తిప్పితే విసురుగా. బంతిని తిప్పితే బంతే దొర్లుతుంది కాబట్టి చేతికీ కంటికీ మధ్య అనువాదం అక్కర్లేదు. ఎలా ఆడాలో ఎవరూ చెప్పాల్సిన పని లేదు. తర్వాత ఇంటి టీవీకి తగిలించుకునే కన్సోళ్ల మీదికి ఈ ఆట వెళ్లినప్పుడు మొదట పోయింది ఇదే. గోళీ వెళ్లింది, వాలు వెళ్లింది, చేతి కింద బంతి మాత్రం పార్లర్లోనే ఉండిపోయింది. దాని బదులు ఏమిస్తే ఆ స్పర్శ తిరిగొస్తుందా అని ఒకరి తర్వాత ఒకరు తంటాలు పడ్డారు. ఈ కథ ఆ తంటాలదే.

ట్రాక్‌బాల్ ఆటల కోసం పుట్టిన వస్తువు కాదు. 1950ల మొదట్లో కెనడా నౌకాదళం కోసం డేటార్ అనే యుద్ధ సమాచార వ్యవస్థ తయారవుతున్నప్పుడు, తెర మీద గుర్తును జరపడానికి ఇంజినీర్లు ఏకంగా ఒక బౌలింగ్ బంతిని బిగించారు. కెనడావాళ్లు ఆడే ఫైవ్‌పిన్ బౌలింగ్ బంతి అది, మామూలు బౌలింగ్ బంతి కంటే చిన్నది. మిలిటరీ రహస్యం కాబట్టి పేటెంటు గొడవ లేదు. అక్కడి నుంచి విమానాల రాకపోకలు చూసే రాడార్ బల్లల మీదికీ, 1978లో అటారీ వారి ఫుట్‌బాల్ ఆటలోకీ, ఆ తర్వాత మిసైల్ కమాండ్, సెంటిపీడ్ ఆటల్లోకీ ఆ బంతి దొర్లుకుంటూ వచ్చింది. వాటిల్లో అది గురిపెట్టే పనిముట్టు, లేదా మనిషిని పరిగెత్తించే పనిముట్టు. బంతిని బంతిగానే వాడుకోవాలన్న ఆలోచన వచ్చినవాడు మార్క్ చెర్నీ.

చెర్నీ 1964లో పుట్టాడు. బర్క్‌లీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చదువు మధ్యలో వదిలేసి, 1982లో పదిహేడేళ్ల వయసులో అటారీలో చేరాడు. చేరిన వేళావిశేషం ఏమంత బాగోలేదు. మరుసటి ఏడాదే అమెరికా వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. 1984 జూలైలో అటారీ యజమాని వార్నర్ సంస్థ దాన్ని రెండు ముక్కలు చేసి, ఇంటి కన్సోళ్లూ కంప్యూటర్లూ ఉన్న ముక్కను జాక్ ట్రమీల్‌కు అమ్మేసింది. పార్లర్ ఆటలు చేసే ముక్క అటారీ గేమ్స్ అయింది. దాని ఆఫీసు కాలిఫోర్నియాలోని మిల్పీటస్‌లో. ఇవాళ మనవాళ్లు అద్దె ఇళ్లకు తిరిగే మిల్పీటసే. కంపెనీ ఇలా రెండుగా చీలుతున్న ఏడాదిలోనే ఈ కుర్రవాడు బాబ్ ఫ్లానగన్‌తో కలిసి గోళీ ఆట రాస్తున్నాడు. అది పార్లర్లకు చేరేసరికి అతనికి ఇరవై నిండి నాలుగు నెలలు.

మొదట అనుకున్నది మినీ గోల్ఫ్ లాంటి ఆట. ఎత్తుపల్లాల పచ్చికలో బంతిని గుంటలోకి చేర్చడం. తర్వాత అది ఇద్దరు గోళీలతో పోటీపడే పందెంగా మారింది. పక్కనున్నవాడి గోళీని ఢీకొట్టి అంచు మీంచి తోసేయొచ్చు. ముందున్నవాడి వెంట తెర పరిగెడుతుంది, వెనకబడినవాడికి సమయం కోత. ఇవన్నీ గోళీలాట బుద్ధులే.

నేలను పైనుంచి ఓరగా చూసినట్టు గీశారు. మెట్లు, చప్టాలు, కాలవలు, సన్నటి వంతెనలు, అన్నీ తెర మీద మూలలకేసి వాలి ఉంటాయి. డచ్చి చిత్రకారుడు ఎం. సి. ఎషర్ గీసిన ఎక్కుతున్నామో దిగుతున్నామో తెలియని మేడల ప్రభావం ఉందని చెర్నీయే చెప్పాడు. లోపల మోటరోలా 68010 చిప్ పనిచేస్తుంది. అటారీలో సి భాషలో రాసిన మొదటి ఆట ఇదే. అంతవరకు ఆ యంత్రాల్లో ఒక్కో ఆదేశాన్నీ చిప్ సొంత భాషలోనే రాసేవారు. పని వేగంగా జరిగేది గానీ వాలు, ఒరిపిడి, ఊపు లాంటి లెక్కలు అందులో రాయడం నరకం. సి వల్ల కొంత వేగం పోయి, ఆ లెక్కలు వశమయ్యాయి.

లెక్క ఏమిటంటే, క్షణక్షణం గోళీ కింద నేల ఎటు ఎంత వాలి ఉందో యంత్రం చూస్తుంది. ఆ వాలును బట్టి గోళీ వేగానికి కాస్త కలుపుతుంది. మీ చేతి తోపు ఇంకాస్త కలుపుతుంది, ఒరిపిడి కాస్త తీసేస్తుంది. చెప్పడానికి ఇంతే. ఆడేటప్పుడు మాత్రం దీని వల్ల విచిత్రమైన కాలభ్రమ కలుగుతుంది. మన గోళీలాటలో బొటనవేలు నేలకానించి, నడిమివేలు వెనక్కి వంచి వదిలామా, ఆ తర్వాత అంతా దైవాధీనం. ఇక్కడ వదిలాక కూడా గోళీ మన అదుపులోనే ఉంటుంది, కాకపోతే ఆలస్యంగా. ఒక సెకను కిందట ఎక్కువ తోశాం, దాన్ని ఇప్పుడు ఎదురు తోసి దిద్దుకుంటున్నాం, ఈ దిద్దుబాటు ఎక్కువైతే వచ్చే సెకనులో దాన్ని మళ్లీ దిద్దుకోవాలి. శత్రువు బయట లేడు, కిందటి క్షణంలోని మన చెయ్యే.

అలాగని దారిలో అడ్డొచ్చేవి లేకపోలేదు. గోళీని అంచుకు నెట్టే నల్ల గోళీ ఉంది. స్ప్రింగులా ఎగిరొచ్చి మింగేసే ఆకుపచ్చ గొట్టాలు, కరిగించేసే ఆసిడ్ మడుగులు ఉన్నాయి. మరీ ఎత్తు నుంచి పడితే గోళీ పగిలిపోతుంది. అప్పుడు ఎక్కడినుంచో ఒక చీపురు వచ్చి ముక్కల్ని శుభ్రంగా ఊడ్చుకుపోతుంది. ఆటలో ఓడినవాణ్ని ఇంత మర్యాదగా వెక్కిరించిన ఆట ఇంకోటి నాకు తెలియదు.

మొత్తం ఆరు పందేలు. ఒకదాంట్లో మిగిల్చుకున్న సెకన్లు తర్వాతదానికి జమపడతాయి కాబట్టి తొలి మెట్టులో చేసిన దుబారా చివరి మెట్టులో తెలుస్తుంది. ఆరోదైన అల్టిమేట్ రేస్‌లో నేల కొన్నిచోట్ల మాయమవుతూ మళ్లీ వస్తూ ఉంటుంది. కానీ అందరికీ గుర్తుండేది అయిదోది, పేరే సిల్లీ రేస్. మీకు తెలిసిందంతా తప్పు అని తెర మీద చెప్పి మరీ మొదలెడుతుంది. అక్కడ గోళీ ఎగువకు దొర్లుతుంది. పల్లం పైన ఉంటుంది. నాలుగు పందేల్లో అరచేతికి అలవాటైన న్యాయం అంతా ఒక్క దెబ్బకు తలకిందులు. బుర్రకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది, చెయ్యి మాత్రం ఒప్పుకోదు.

పాటల సంగతి ఒక ముక్క చెప్పాలి. యమహా వారి ఎఫ్ఎం చిప్ మీద బ్రాడ్ ఫుల్లర్, హాల్ క్యానన్ కట్టిన బాణీలు, ఒక్కో పందేనికి ఒక్కో బాణీ, అదీ స్టీరియోలో. పార్లర్ రొదలో ఆ రోజుల్లో అది సొగసే.

ఇంకొక ఆలోచన కూడా ఉండేది. బంతికి మోటార్లు బిగించి, తెర మీద జరిగేది చేతికి తెలిసేలా చేయాలని. ప్రయత్నించారు గానీ యంత్రం పొందిక కుదరక వదిలేశారు. ఈ మోటారు బంతిని కాస్త గుర్తుపెట్టుకోండి.

సుమారు 4,000 ఆట పెట్టెలు అమ్ముడయ్యాయి. పరిశ్రమ మంచాన పడి ఉన్న కాలానికి అది మంచి లెక్కే. అయితే 2011లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో తన పాత ఆటకు తానే శవపరీక్ష చేస్తూ చెర్నీ దాని ఆయువు గురించి దాపరికం లేకుండా మాట్లాడాడు. మొదటి వారాల్లో పార్లర్లలో వసూళ్లకు ఎదురులేదు, ఏడో వారానికి చప్పున పడిపోయాయి. కారణం తేలికే. ఆట మొత్తం చివరిదాకా ఆడితే నాలుగైదు నిమిషాలు. చెయ్యి తిరిగినవాళ్లు ఆరు పందేలూ గెలిచేశాక మళ్లీ నాణెం వేయడానికి ఏముంది? పార్లర్ యజమానికి ఇది చావుదెబ్బ. ఇంట్లో ఆడుకునేవాడికి ఆ లెక్క లేదు, నాణేలు వేసే పని లేదు కాబట్టి. ఈ ఆట పార్లర్లో చచ్చి ఇళ్లలో బతకడానికి ఇదొక కారణమని నా అనుకోలు.

ఇళ్లలోకి చాలా దారుల్లో వచ్చింది. 1986లో అమీగా, కమొడోర్ 64 కంప్యూటర్ల మీదికి, 1991లో గేమ్ బాయ్ మీదికీ సెగా జెనెసిస్ మీదికీ. అన్నిట్లోకీ తమాషా అయినది 1989లో నింటెండో ఎన్ఈఎస్ మీద వచ్చినది. చేసింది ఇంగ్లండులోని రేర్ సంస్థ, అమ్మింది అట్టల మీద ఆడే ఆటలకు 1860 నుంచీ పేరున్న మిల్టన్ బ్రాడ్లీ.

ఎన్ఈఎస్ కంట్రోలర్ మీద ఉండేది కూడిక గుర్తు ఆకారపు మీట. 1982లో గుంపేయ్ యోకోయ్ కనిపెట్టిన ఆ మీట మారియో లాంటి గెంతులాటలకు అమృతం. పైకి, కిందికి, కుడికి, ఎడమకి, నాలుగే దిక్కులు. మార్బుల్ మ్యాడ్‌నెస్‌లో వాలులన్నీ మూలలకు పోతాయి కదా. ఏటవాలు దారిలో గోళీ తిన్నగా దిగాలంటే బొటనవేలు రెండు దిక్కుల మధ్య సన్నటి సందులో నిలబడాలి. పైగా మీటకు మెల్లగా, గట్టిగా అన్న తేడా లేదు. నొక్కినట్టు, లేదా నొక్కనట్టు. అరచేతి నిమురుడంతా రెండే మాటలకు కుదించుకుపోయింది, అవును, కాదు.

రేర్ వాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం చూస్తే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. ఆట మొదలవగానే ఒక ప్రశ్న అడుగుతుంది, 90 డిగ్రీలా, 45 డిగ్రీలా అని. 45 ఎంచుకుంటే కంట్రోలర్‌ను చేతుల్లో ఓరగా తిప్పి పట్టుకోవాలి. అప్పుడు మీట కొమ్ములు వాలు దిక్కులకు సరిపోతాయి. తెరను తిప్పలేక మనిషి మణికట్టు తిప్పారన్నమాట. వేగం తేడా కోసం ఒక గుండీ కేటాయించారు, నొక్కి పట్టుకుంటే గోళీ ఉరుకుతుంది. ఈ రాజీలన్నిటితోనూ అది ఆడదగిన ఆటే అయింది. ట్రాక్‌బాల్ ఎరగని పిల్లలకు గోళీ పిచ్చి అంటే ఇదే. బాణీలను ఎన్ఈఎస్ గొంతుకు తగ్గట్టు మార్చిన డేవిడ్ వైజ్ తర్వాత డాంకీ కాంగ్ కంట్రీ సంగీతంతో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

అటారీ గేమ్స్ 1991లో రెండో భాగం తయారుచేసింది, మార్బుల్ మ్యాన్ అని. గోళీలోంచి ఒక శక్తిమంతుడైన వీరుణ్ని పుట్టించారు, బంతి తీసేసి జాయ్‌స్టిక్ పెట్టారు. జనం ముందు పెట్టి చూస్తే ఆదరణ లేదు, విడుదలే చేయలేదు. ఆ ఆట ముప్పై ఏళ్లకు పైగా కొద్దిమంది యంత్రాల్లోనే ఉండిపోయి, 2022లో దాని కోడ్ బయటపడ్డాక గాని లోకానికి అందలేదు. చేతి కింది బంతినే వదులుకున్నవాళ్లకు ఆ మాత్రం శాస్తి జరగాల్సిందే అనిపిస్తుంది నాకు. ఇది పక్షపాతమే, ఒప్పుకుంటాను.

గోళీని తోసేవాళ్లది ఒక సంప్రదాయమైతే, గోళీ జోలికి పోకుండా నేలనే వంచేవాళ్లది ఇంకొకటి. నిజానికి ఇదే పాతది. 1889లో న్యూయార్క్ రాష్ట్రంలోని వేవర్లీ ఊళ్లో చార్లెస్ క్రాండల్ అనే బొమ్మల తయారీదారు పిగ్స్ ఇన్ క్లోవర్ అనే చిన్న పెట్టె చేశాడు. ఒకదానిలో ఒకటి ఒదిగిన అట్టల వలయాలు, వాటికి తలో చోట సందు, లోపల నాలుగు గోళీలు. గోళీలే పందులు. పెట్టెను అటూ ఇటూ వంచుతూ నాలుగింటినీ నడిమి దొడ్లోకి తోలాలి. మూడు చేరాక నాలుగోదాని కోసం వంచితే మూడూ బయటికి వచ్చేస్తాయి. దేశం పిచ్చెత్తిపోయింది. వీధిలో కొన్న పెట్టె అమెరికా సెనేట్ దాకా వెళ్లి, పెద్దమనుషులు పందులు తోలుతూ కూర్చున్నారని అప్పటి పత్రికలు ఆటపట్టించాయి. 1946లో స్వీడన్ సంస్థ బ్రియో చేసిన లాబరింత్ ఈ కోవలోదే. చెక్క పెట్టె, రెండు పక్కల రెండు తిరుగుడు గుబ్బలు, పైన దారి పొడుగునా గుంటలు, ఒక ఉక్కు గోళీ.

ఈ నేల వంచే సంప్రదాయాన్ని కన్సోల్‌కు తెచ్చినవాడు సెగాలో తోషిహిరో నగోషి. 2001 జనవరి ఆఖర్న సెగా తన డ్రీమ్‌కాస్ట్ కన్సోల్‌ను మూసేస్తున్నట్టు చెప్పింది. ఆ ఏడాదే పార్లర్లలోకి మంకీ బాల్ వచ్చింది, దాని జాయ్‌స్టిక్ అరటిపండు ఆకారంలో ఉండేది. కొన్ని నెలలకే సూపర్ మంకీ బాల్ పేరుతో నింటెండో గేమ్‌క్యూబ్‌తో పాటే ఇళ్లకు చేరింది. దశాబ్దం పాటు బద్ధశత్రువైన నింటెండో ఇంటి పెట్టెలోకి సెగా పెట్టిన తొలి అడుగుల్లో ఇదొకటి. అదీ కోతిని వెంటేసుకుని.

గాజు గోళంలో కోతి, నేల మీద అరటిపళ్లు, పళ్ల మీద నిజం డోల్ కంపెనీ ముద్ర. మన సామెతలో కోతికి కొబ్బరికాయ దొరికితే, సెగా కోతికి దొరికినవి ఇవి. కోతి అక్కడ ఉట్టి అలంకారం కాదు. గోళం ఎటు, ఎంత వేగంతో పోతోందో దాని కాళ్ల పరుగు చెప్పేస్తుంది. మార్బుల్ మ్యాడ్‌నెస్ గోళీకి ముఖం లేదు కాబట్టి దాని భయం మనం ఊహించుకోవాలి. ఇక్కడ ఆ భయం కళ్లెదుటే గిలగిల్లాడుతుంది.

బిగినర్ పది, అడ్వాన్స్‌డ్ ముప్పై, ఎక్స్‌పర్ట్ యాభై, మొత్తం 90 మెట్లు. ఆడేవాడు కోతిని తాకడు, కింద చప్టాను మాత్రమే వంచుతాడు. ఇది సాధ్యమైంది గేమ్‌క్యూబ్ కంట్రోలర్ మీది అనలాగ్ స్టిక్ వల్ల. ఎన్ఈఎస్ మీట లాగా ఇది అవును, కాదు అని ఊరుకోదు, కొంచెం అనగలదు, ఇంకొంచెం అనగలదు. చప్టా ఎంత వంగాలో స్టిక్ అంత వంగితే చాలు. ఆ స్టిక్ కదిలే గుంట అంచు ఎనిమిది పలకలుగా ఉంటుంది. వేలు మూలకు పోతే అక్కడ చిన్న గాడిలో ఆగుతుంది. 1989లో మణికట్టు తిప్పి తెచ్చుకున్న ఏటవాలు దిక్కు ఇక్కడ కంట్రోలర్‌లోనే దొరికింది. అయినా సన్నటి వంతెన మీద, ఇంకో రెండు సెకన్లుండగా, బొటనవేలు వెంట్రుకవాసి ఎక్కువ వంచితే కోతి పాతాళానికే. 

2006 డిసెంబరులో నింటెండో వీ కన్సోల్‌తో పాటు జపానులో హడ్సన్ సంస్థ కొరొరిన్పా తెచ్చింది. ఇక స్టిక్ కూడా అక్కర్లేదు. వీ రిమోట్‌ను అరచేతుల్లో పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకుని ఎటు వంచితే తెర మీద లోకం అటు వంగుతుంది. నిలువునా తిప్పేస్తే గోడ నేల అవుతుంది. క్రాండల్ పెట్టె, నూట పదిహేడేళ్ల తర్వాత, తీగ లేకుండా. 2008 జూలైలో ఐఫోన్‌కు యాప్ స్టోర్ తెరిచినప్పుడు తొలి సరుకులో మంకీ బాల్ కూడా ఉంది. ఫోను వంచితే కోతి దొర్లుతుంది. అప్పటి నుంచీ బస్సులో పక్క సీటువాడు ఫోను పట్టుకుని ఒళ్లంతా ఒంచుతూ కనిపిస్తే ఆశ్చర్యపోవడం మానేశాం.

తోసేవాళ్ల వైపు కూడా ఊరుకోలేదు. ఆరెగన్ రాష్ట్రంలోని గ్యారేజ్‌గేమ్స్ చేసిన మార్బుల్ బ్లాస్ట్ అల్ట్రా 2006 జనవరిలో ఎక్స్‌బాక్స్ 360 మీదికి వచ్చింది. ఇందులో గోళీ వెనకాలే మన కన్ను ఉంటుంది, గెంతడం కూడా వచ్చు. గోళీ గెంతడమేమిటని నాబోటివాళ్లకు అభ్యంతరం ఉన్నా, దాని అభిమానులు సెకనులో వందో వంతు కోసం నేటికీ కొట్లాడుకుంటారు. కొన్నేళ్లకు అది అమ్మకంలోంచి పోతే, ఆ ఆట చేసినవాళ్లలోనే కొందరు 2018లో నింటెండో స్విచ్ కోసం మార్బుల్ ఇట్ అప్ చేశారు.

చెర్నీ ఈ మధ్యలో చాలా దూరం దొర్లాడు. అటారీ వదిలి సెగాలో చేరి టోక్యోలో ఉన్నాడు, జపనీసు నేర్చాడు. అమెరికాకు తిరిగొచ్చి సోనిక్ రెండో ఆట తయారైన సెగా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నడిపాడు. క్రాష్ బ్యాండికూట్, స్పైరో ఆటల వెనక పనిచేశాడు. 2013 ఫిబ్రవరిలో న్యూయార్కులో సోనీ ప్లేస్టేషన్ 4 గురించి ప్రకటించినప్పుడు వేదిక మీదికి వచ్చి, దీని ప్రధాన ఆర్కిటెక్టుగా పరిచయమైంది ఆయనే. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5కు కూడా. గోళీ దొర్లించడానికి 68010 చిప్‌ను బతిమాలుకున్న కుర్రవాడు ఇప్పుడు చిప్‌లో ఏముండాలో నిర్ణయించేవాడు.

ఆ ప్లేస్టేషన్ 5 కొన్నవాళ్లందరికీ అందులోనే ఒక ఆట ఉచితంగా వస్తుంది, సోనీ టీమ్ అసోబీ చేసిన ఆస్ట్రోస్ ప్లేరూమ్. కొత్త కంట్రోలర్ ఏమేం చేయగలదో చూపించడానికే చేసిన ఆట అది. మెమరీ మెడో అనే చోట బుల్లి రోబో ఆస్ట్రో ఒక గుండ్రటి బంతిలో దూరతాడు. ఇక స్టిక్ పనిచేయదు. కంట్రోలర్ నడిమిన ఉన్న టచ్‌ప్యాడ్ మీద వేలితో నిమరాలి. మెల్లగా నిమిరితే మెల్లగా, విసురుగా రాస్తే విసురుగా ఆ బంతి దొర్లుతుంది. అది దొర్లుతున్నంతసేపూ కంట్రోలర్ లోపల రెండు చిన్న మోటార్లు కదులుతూ, నేల గరుకో నునుపో అరచేతులకు చెబుతుంటాయి.